బారాత్ గుర్రం కుంటుతుందా, మొండికేస్తుందా? జర తెలిసినోళ్ళు చెప్పున్రి

ధర్మసాగరం పోరడు:

అందరికి నమస్తే. మాది హన్మకొండ అవతల ధర్మసాగరం దిక్కు. మా బాపు, చిన్నాయిన ఇద్దరు కలిసి పెండ్లిళ్ళకు గుర్రం నడుపుతరు. పాత గుర్రం ముసలిదైందని మొన్న డిసెంబర్‌ల నాందేడ్ దగ్గర మాలేగావ్ జాతరకు పోయి ఒక ఆడగుర్రం కొన్కొచ్చినం, తెల్లది, అమ్మినాయన 5 ఏండ్లు అన్నడు. తెచ్చినప్పుడు మస్తు మంచిగ ఉండె, చిన్న పోరలు దగ్గరికి పోయినా ఏమనకపోయేది. మాఘమాసంల ముహూర్తాలు బాగుండె కాబట్టి వారంకు మూడు నాలుగు బారాత్‌లు పోయింది.

ఇప్పుడు ఒక 20 దినాల సంది కథ మారింది. జీను పట్టుకొని దగ్గరికి పోతేనే చెవులు ఎనకకు పండవెట్టి కొరకవస్తుంది, పట్టీ గుంజి కట్టేటప్పుడు మా చిన్నాయిన భుజం పట్టేసింది. నడిపిస్తే మామూలుగనే ఉన్నట్టు ఉంటది గని కొంచెం ఉరికిస్తే తల పైకి కిందికి ఊపుతది. సీసీ రోడ్డు మీద ఎక్కువ, మట్టి బాటల తక్కువ. మొన్న ఒక పెండ్లిల సగం తోవల నిలవడి ఇగ కదలలేదు, పెండ్లికొడుకును దించి నడిపిచ్చినం, పైసలల్ల కోత పెట్టిన్రు, అది పోనియ్, అందరి ముంగట బాపు ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

చిన్నాయిన మెడికల్ షాపుల అడిగి నొప్పుల సూది తెచ్చి ఏసిండు, రెండు దినాలు మంచిగ నడిచింది, మూడో దినం మళ్ళ అదే. దీంతోని ఇంట్ల రెండు పార్టీలైనయ్. చిన్నాయిన అంటడు ఇది మొండిది, పని ఎగ్గొట్టుడు నేర్చింది, కాంటాల లగాం అంటే ముండ్ల కళ్ళెం ఏస్తే సక్కగైతది అని. బాపు ఏమో ఆగుదాం అంటడు. నాకు తెల్వక అడుగుతున్న, ఇది కుంటుడేనా? ఉంటే ఏ కాలు అని ఎట్ల గుర్తువట్టాలె? కొరుకుడు ఎట్ల మాన్పియ్యాలె, కొట్టకుండ?

మేత ఏం పెడ్తున్నరు అని అడుగుతరు కాబట్టి చెప్తున్న, వరిగడ్డి, సూపర్ నేపియర్ పచ్చగడ్డి కోసి ఏస్తం, పొద్దుగాల ఒకపారి మాపటికి ఒకపారి తవుడు, రెండు కలిపి 3 కిలోల దాక. నీళ్ళు మంచిగనే తాగుతది. నాడాలు జాతరల అమ్మినాయన కొట్టిచ్చినయే ఉన్నయ్, ఊడలేదు.

నాల్‌బంద్ వారసుడు:

భాయ్, నీ పోస్ట్‌ల ఆఖరి లైన్‌ల ఉంది సగం జవాబు. డిసెంబర్‌ల కొట్టిన నాడాలు ఇప్పుడు మార్చిల గూడ ఉన్నయ్, ఊడలేదు అని సంతోషపడ్తున్నవ్, ఊడిపోయినా బాగుండు. మా తాత, మా నాయన ఇద్దరు నాల్‌బంద్‌లే, అంటే గుర్రాలకు నాడాలు కొట్టేటోళ్ళు, కాజీపేట దర్గా దిక్కు ఉండేటోళ్ళం, నేను ఇప్పుడు మెకానిక్ పని చేస్తున్న గని ఎవలన్న పిలిస్తే నాడాల పనికి పోత. గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతది, మన గోరు లెక్కనే. నాడా మాత్రం పెరగదు గద. 6 నుంచి 8 వారాలకు ఒకపారి నాడా ఇప్పి, గిట్ట చెక్కి, మళ్ళ కొట్టాలె, అరిగినా అరగకపోయినా. లేకపోతే గిట్ట ముంగటికి సాగి నాడా గూడ దాంతోని ముంగటికి జరుగుతది, మడిమె కాడ నాడా కొసలు గిట్ట అంచు గోడ మీద కూసోవాల్సింది పోయి లోపటికి, అంటే అరికాలు మీద కూసుంటయ్. అడుగు ఏసినప్పుడల్లా ఆ ఇనుము ఒకటే జాగల వత్తుతది. లోపట రక్తం కములుతది. పైకి ఏం కనవడది, గాయం ఉండది, అందుకే మొండితనం అనుకుంటరు.

ఏ కాలు అని ఎట్ల గుర్తువట్టాలె అన్నవ్ కద. గట్టి నేల, సాఫ్ నేల కావాలె, సీసీ రోడ్డే మంచిది. జీను లేకుండ, ఒకలు తాడు వదులుగ పట్టుకొని ఉరికియ్యాలె, తాడు బిగవడితే తల ఊపుడు కనవడది. నువ్వు ముంగట నిలవడి చూడు. ముంగటి కాలు నొప్పి ఉంటే ఆ కాలు భూమికి ఆనినప్పుడు తల పైకి లేపుతది, బరువు దాని మీద పడొద్దని. మంచి కాలు ఆనినప్పుడు తల కిందికి దించుతది. చానమంది దీన్ని ఉల్టా పట్టుకొని తల దించిన కాలునే నొక్కి చూస్కుంట కూసుంటరు. ఎనక కాలైతే తల కాదు, ఎనక నిలవడి తుంటి చూడాలె, నొప్పి ఉన్న దిక్కు తుంటి ఎక్కువ లేసి పడ్తది. కండ్లకు తెల్వకపోతే కండ్లు మూస్కొని చప్పుడు ఇను, నాలుగు కాళ్ళు మంచిగుంటే టక్ టక్ ఒకటే తాళం, ఒక కాలు దొంగతనంగ ఏస్తే ఒక దెబ్బ మెల్లగ వినవడ్తది.

ఒక సంగతి, మాలేగావ్ దిక్కు వచ్చే గుర్రాలు చానా రవాల్ చాల్ నేర్సినయ్ ఉంటయ్, అండ్ల కూసున్నోనికి కుదుపు రాదు, సుఖం ఉంటది, గని ఆ చాల్‌ల కుంటుడు తొందరగ దొరకది. కాబట్టి మామూలు దుల్కి చాల్‌ల, అంటే ట్రాట్‌ల చూడాలె.

పొద్దుగాల ఇంకా ఎండ పడకముందు నాలుగు గిట్టల మీద చెయ్యి పెట్టి చూడు, ఒకటి మిగతా మూడింటి కంటే వేడి ఉందా అని. తర్వాత చీలమండ ఎనక రెండు పక్కల ఏలు పెట్టి నాడి చూడు. మంచి గుర్రానికి ఆడ నాడి దొరుకుడే కష్టం, దొరికి టపటప కొట్టుకుంటుందంటే గిట్టల మంట ఉన్నట్టే. గిట్ట లేపి నడుమ మూడుమూలల మెత్తటి భాగం, మేం పుత్లీ అంటం, అది నల్లగ మెత్తగ అయి కంపు కొడ్తుందా గూడ చూడు, ఉచ్చల తడిసిన నేల మీద కట్టేస్తే అట్లైతది.

మేకు గిట్ల దిగి కనవడితే మాత్రం పటుక్కున గుంజకు. ఎంత లోతు పోయింది, ఏ దిక్కు పోయింది అని డాక్టర్ చూడాలె. కాలు కింద పెట్టనియ్యకుండ, ఇంకా లోపటికి దిగకుండ సూస్కోని ఫోన్ కొట్టు.

బ్యాండుమేళం కాజీపేట:

నేను 12 ఏండ్ల సంది బ్యాండు, గుర్రం రెండు నడుపుతున్న. నాల్‌బంద్ అన్న చెప్పింది కరెక్టే, నాడాలు చూపియ్యాలె. గని ఒక మాట, గుర్రం మీద పెండ్లికొడుకు ఉంటడు, సుట్టు చిన్నపోరలు, ఆడోళ్ళు, ముంగట డీజే, పటాకులు. గుర్రం ఒక్క నిమిషం చేయి దాటితే పానాలు పోతయ్. అందుకే మేం గట్టి లగాం ఏస్తం, సోకుకు కాదు. ప్రేమగ చెప్తే ఇంటది అనేది ఇంటికాడ సరే, బారాత్‌ల ఎట్ల? దీనికి జవాబు చెప్పున్రి, నిజంగనే తెల్సుకుందామని అడుగుతున్న.

పశువుల డాక్టరమ్మ:

నేను పశువైద్యురాలిని, కరీంనగర్ దిక్కు పని చేస్తున్న. గుర్రాలు మా దగ్గరికి తక్కువ వస్తయ్, వచ్చినప్పుడల్లా ఆలస్యంగ వస్తయ్, అందుకే కొంచెం పొడుగు రాస్తున్న, ఓపికగ చదువు తమ్ముడూ.

మొట్టమొదటిది, మీ చిన్నాయిన ఏసిన సూదే మీకు పరీక్ష అయింది. నొప్పి తగ్గించే మందు ఇస్తే మంచిగ నడిచి, మందు దిగినంక మళ్ళ కుంటిందంటే అది మొండితనం కాదు. మొండితనం నొప్పుల సూదికి తగ్గదు. ఈ ఒక్క ముక్క ఇంట్ల చదివి వినిపియ్యి. అయితే ఆ సూది ఏసుడు తప్పు. నొప్పి తెల్వకుండ ఆ రెండు దినాలు అది అదే కాలు మీద ఇంకా బరువు ఏసింది. ఇంకోటి, మెడికల్ షాపుల ఇచ్చింది డైక్లోఫెనాక్ అయితే దాన్ని పశువులకు వాడుడు మన దేశంల 2006లనే నిషేధించిన్రు. ఆ మందు పడ్డ పశువు చచ్చిపోతే దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోతయ్. మన ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ అడివిల పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు గూళ్ళు కట్టుకునేటియి. కాబట్టి డాక్టర్ రాయని సూది ఏ పశువుకూ వద్దు.

రెండోది మేత. నీ పోస్ట్‌ల నాకు అన్నిటికంటే భయమైంది ఇదే. తవుడుల భాస్వరం మస్తు, కాల్షియం ఏం లేనట్టే, పదింతలకు పైన తేడా ఉంటది. గుర్రం ఒంట్లకు కాల్షియం భాస్వరం కంటే తక్కువ పోవద్దు. పోతే ఒళ్ళు ఏం చేస్తది, రక్తంల కాల్షియం సరిచేసేతందుకు సొంత బొక్కలల్ల నుంచి గుంజుకుంటది. బొక్కలు గుల్లైతయ్, మొదాలు ఈ కాలు ఆ కాలు మారి మారి కుంటుడు, బిగుసుకపోయి నడుసుడు, తర్వాత దవడ బొక్కలు ఉబ్బి ముఖం పెద్దగైతది. దాన్నే బిగ్ హెడ్ అంటం. వెనకటికి పిండిమిల్లుల దగ్గర ఊకె తవుడు తిని పెరిగిన గుర్రాలకు ఇది వస్తుండె.

దాని మీద నేపియర్. ఆవు బర్రెకు నేపియర్ మంచిదే, వాటి కడుపుల ఉండే సూక్ష్మజీవులు ఆ గడ్డిల ఉండే ఆక్సలేట్ అనే పదార్థాన్ని విరగగొడ్తయ్. గుర్రం కడుపు అట్ల కాదు, ఆక్సలేట్ పోయి మేతల ఉన్న కాల్షియంను పట్టేస్తది, ఒంటికి అందనియ్యది. అంటే మీరు తెల్వక రెండు దిక్కుల నుంచి దాని బొక్కలు తింటున్నరు. కోపగించుకోకున్రి, మంచిదనే పెట్టిన్రు, బర్రెలకు అలవాటైన చెయ్యి గుర్రానికీ అదే ఏస్తది.

ఏం పెట్టాలె మరి. గుర్రం బరువుల నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు ఎండుమేత పడాలె, మీది 350 కిలోలు ఉన్నదనుకుంటే 6, 7 కిలోలు, అది కూడా దినమంతా కొంచెం కొంచెం. జొన్నచొప్ప కొట్టి ఏస్తే మంచిది, దొరికితే లూసర్న్ గడ్డి కొంచెం, అండ్ల కాల్షియం ఉంటది. దాణాకు ఉలవలు నానవెట్టి ఉడకవెట్టి పెట్టున్రి, మనోళ్ళు గుర్రానికి గుగ్గిళ్ళు పెట్టింది ఊకెనే కాదు. తవుడు ఒక్క దినంల బంద్ చెయ్యొద్దు, 10 దినాలల్ల మెల్లగ తగ్గించున్రి, మేత ఏది మార్చినా అట్లనే. ఉప్పుగడ్డ ఒకటి నాకేటట్టు పెట్టున్రి. కాల్షియం పొడి ఎంత కలపాలె అనేది గుర్రాన్ని చూసిన డాక్టరే చెప్పాలె, నేను ఇడ చెప్పను.

ఇక మన దిక్కు జాగ్రత్తలు మూడు. మక్కలకు బూజు పట్టింది అని పారేసేటియి గుర్రానికి ఏయకున్రి, ఆ బూజుల ఒక విషం ఉంటది, గుర్రం మెదడును కరిగిస్తది, మందు లేదు. కోళ్ళ దాణా, మందు కలిపిన దాణా దగ్గరికి రానియ్యకున్రి, అండ్ల కలిపే మోనెన్సిన్ కోడికి ఏం కాదు, గుర్రానికి కొంచెం పోయినా గుండె దెబ్బతింటది. సుబాబుల్ ఆకు ఎక్కువ తింటే జూలు, తోక ఎంట్రుకలు రాలిపోతయ్. ఒకే ఇంట్ల కోళ్ళు, బర్రెలు, గుర్రం ఉన్నప్పుడు మేత తొట్లు వేరేవేరే ఉండాలె.

నెంబర్లు రాస్కో, గోడ మీద రాసిపెట్టు. ఊకె నిలవడ్డప్పుడు గుండె నిమిషానికి 28 నుంచి 44 కొట్టుకోవాలె, దవడ బొక్క కింద అంచుకు ఏలు పెడ్తే నాడి దొరుకుతది, 15 సెకన్లు లెక్కవెట్టి 4తోని గుణించు. ఊపిరి 8 నుంచి 16. ఒంటి వేడి 99 నుంచి 101.5 ఫారెన్‌హీట్ డిగ్రీల లోపట. చిగుర్లు గులాబి రంగు, ఏలుతోని వత్తి వదిలితే 2 సెకన్లల రంగు తిరిగి రావాలె. మంచిగున్నప్పుడు వారం దినాలు చూసి రాస్తేనే చెడ్డప్పుడు తేడా తెలుస్తది. కాళ్ళతోని నేల గీరుకుంట, తిరిగి తిరిగి డొక్క దిక్కు చూస్కుంట, పొర్లుకుంట, లద్ది ఏస్తలేదంటే కడుపునొప్పి. గుర్రం కక్కలేదు, అది గుర్తుపెట్టుకో, కడుపుల గ్యాసైనా ఏదైనా పైనుంచి బయటికి రాదు, అందుకే గుర్రం కడుపునొప్పి అంటే గంటలల్ల పానం మీదికొస్తది. మేత ఆపి, నోట్ల నూనెలు గిట్ల పొయ్యకుండ పశువుల అంబులెన్స్ నెంబర్ 1962కు ఫోన్ చెయ్యున్రి. మీకు మామునూరు వెటర్నరీ కాలేజీ దగ్గరనే, కాలు చూపిచ్చేటప్పుడు ధనుర్వాతం టీకా గూడ ఏపియ్యున్రి, గుర్రానికి ధనుర్వాతం తాకినంత తొందరగ వేరే పశువుకు తాకది, ఒక చిన్న మేకు చాలు.

జాతరల కొన్న గుర్రం కాబట్టి గ్లాండర్స్ అనే అంటురోగం పరీక్ష గురించి అడుగు. ముక్కుల నుంచి చిక్కటి చీమిడి, కాళ్ళ మీద వరసగ గడ్డలు పగులుడు దాని గుర్తులు, మనుషులకు గూడ అంటుతది. రక్తం నమూనా హిసార్‌ల ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం చూస్తది. మీ గుర్రానికి ఆ లక్షణాలు ఉన్నయని నేను అంటలేను.

ధర్మసాగరం పోరడు:

మేడం, నాల్‌బంద్ అన్న, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. నిన్న అన్ననే బండేస్కొని వచ్చిండు, పొద్దుగాల సీసీ రోడ్డు మీద బాపు ఉరికిచ్చిండు, కుడి ముంగటి కాలు ఆనినప్పుడల్లా తల లేస్తుంది, ఇంతకాలం మేం ఎడమ కాలు అనుకొని దానికి జండుబామ్ రాస్తున్నం. నాడా ఇప్పి మడిమె కాడ పైపొర గీరితే లోపలి దిక్కు ఒక పావలా బిళ్ళంత ఎర్రగ కమిలి ఉంది. పెద్ద పట్కారుతోని ఆడ వత్తితే కాలు గుంజుకుంది. మామునూరు డాక్టర్ గూడ అదే అన్నడు, చీము పట్టలేదు అదృష్టం, నాడా లేకుండ మెత్తటి నేల మీద రెస్ట్, మందు రాసిచ్చిండు, టీకా అయింది, రక్తం తీస్కున్నరు. తవుడు సగం చేసినం.

చిన్నాయిన ఏం మాట్లాడలే, చానాసేపు ఆ ఎర్రటి మచ్చనే చూసిండు. తర్వాత లేసిపోయి ఎండు జొన్నచొప్ప తెచ్చిండు. ఇప్పుడు కొరుకుడు ఎట్ల? కాలు మానినంక గూడ జీను చూస్తే అట్లనే చేస్తే?

పాత ఎన్‌సీసీ:

నేను కాలేజీ రోజుల్ల ఎన్‌సీసీ రిమౌంట్ అండ్ వెటర్నరీల, అంటే గుర్రాల విభాగంల ఉండి గుర్రం నేర్చుకున్న, ఇప్పుడు జనగామ దిక్కు మా పొలంల రెండు ఉన్నయ్. బ్యాండుమేళం అన్న అడిగింది మంచి ప్రశ్న, దానికి గూడ చెప్త.

ముందు వీపు చూడు. జీను తీసేసి రెండు ఏళ్ళతోని మెడ దిగే కాడి నుంచి నడుము దాక ఎన్నుపూసకు రెండు పక్కల మెల్లగ వత్తుకుంట పో, ఎక్కడ వణికినా, వీపు కిందికి గుంజినా, చెవులు పండవెట్టినా ఆడ నొప్పి. మూపురం లెక్క లేసి ఉండే జాగల తెల్ల ఎంట్రుకలు వస్తే పాత జీను వత్తిన గుర్తు, అయితే మీది తెల్ల గుర్రమే కాబట్టి కండ్లకు కాదు చేతికి తెల్వాలె. బారాత్ జీను అంటే కట్టెచట్టం, మీద మఖ్మల్, అద్దాలు, జరీ, కిందికి పల్చటి గుడ్డ. కట్టె ఎన్నుపూసకు ఆనితే ఎంత మంచి గుర్రమైనా కొరుకుతది. నడిమిట్ల ఏలు దూరేంత సందు ఉండాలె, కింద మందపు బొంత ఉండాలె.

బరువు గూడ లెక్కవెట్టున్రి. గుర్రం బరువుల అయిదో వంతు, అంటే 350 కిలోల దానికి జీనుతోని కలిపి 70 కిలోలు మించొద్దు అనేది సవారీ చేసేటోళ్ళ లెక్క. పెండ్లికొడుకు 75, షేర్వానీ, జీను, ముంగట కూసోవెట్టే అన్న కొడుకు, అన్ని కలిస్తే వంద దాటుతది, అది గూడ నడుసుడు కాదు మూడు గంటలు నిలవడుడు. ఆ పిల్లగాన్ని దించుడు మీ చేతుల ఉంది.

స్యూ డైసన్ అని బ్రిటన్ల ఒక గుర్రాల డాక్టరమ్మ, సవారీల గుర్రం చేసే 24 పనులు లిస్ట్ చేసింది, చెవులు ఎనకకు పెట్టుడు, నోరు తెరుసుడు, తోక కొట్టుకునుడు, నిలవడిపోవుడు లాంటియి. అండ్ల 8 గాని ఎక్కువ గాని కనవడితే ఆ గుర్రానికి ఎక్కడ్నో నొప్పి ఉండే అవకాశం చానా ఎక్కువ అని చూపిచ్చింది. మీ పోస్ట్ చదువుతుంటే నాకు అదే యాదికొచ్చింది, మనం గుణం అనుకునేది దాని భాష.

ఇగ నేర్పుడు. గుర్రానికి నేర్పేది గుంజుడు కాదు, వదులుడు. తాడు ఇంత గుంజు, అది ఒక్క అడుగు ఏయంగనే, అదే సెకన్ల వదులు. వదిలినప్పుడే దానికి అర్థమైతది, ఓహో ఇది అడిగిండా అని. అడుగు ఏసినా గుంజుతనే ఉంటే ఇంక దేనికి వినాలె అనుకుంటది, నోరు మొద్దువడ్తది, అప్పుడు మనకు ఇంకా గట్టి లగాం కావాలె అనిపిస్తది. కాంటాల లగాం కథ అట్ల మొదలైతది. గుర్రం నోట్ల లగాం కూసునే జాగల పండ్లు ఉండయ్, బొక్క మీద పల్చటి చర్మం అంతే. బ్యాండుమేళం అన్నా, ముండ్ల కళ్ళెం 1965 నాటి కేంద్ర ప్రభుత్వ రూల్స్‌లనే నిషేధం, అది ఒకటి. ఇంకోటి, భయపడ్డ గుర్రానికి నోట్ల నొప్పి పుడ్తే అది నొప్పి నుంచి ఉరుకుతది, మనిషి బలంతోని 350 కిలోలను ఆపలేం. పానాలు పోతయ్ అన్నవ్ చూడు, అందుకే అంటున్న, బారాత్‌ల ఆగే గుర్రం ఇంటికాడ ఆగుడు నేర్చిన గుర్రమే.

జీనుకు నేను చేసిన పద్ధతి ఇది. కాలు పూర్తిగ మానినంక, డాక్టర్ సరే అన్నంక. మొదాలు జీను తేవొద్దు. ఒక మడతవెట్టిన బొంత పట్టుకొని దాని భుజం దిక్కు నుంచి పో. గుర్రానికి సరిగ్గ ముక్కు ముంగట, తోక ఎనక కనవడది, కండ్లు పక్కలకు ఉంటయ్. బొంత చూసి చెవులు కదిలియ్యకముందే ఆగు, వాసన చూడనియ్యి, ఎనకకు తీసుకో. అంటే చూసినవా, నువ్వు వద్దన్నవ్, నేను విన్న అని దానికి చెప్పుడు అన్నట్టు. అట్ల నాలుగైదు సార్లైనంక అదే ముక్కు సాపుతది. వీపు మీద పెట్టు, మూడు లెక్కవెట్టు, తియ్యి. దినాం 10, 15 నిమిషాలే, పొద్దుగాల ఒకపారి చాలు, మంచిగ చేసిన కాడనే ఆపెయ్యి, ఇంకొక్కపారి అనే ఆశతోనే అంతా ఖరాబైతది. మెడ దిగే జాగల ఏళ్ళతోని గీరు, గుర్రాలు ఒకదాన్ని ఒకటి ఆడనే గీరుకుంటయ్, గుండె కొట్టుకునుడు తగ్గుతది. గుగ్గిళ్ళు పెట్టు గని చేతిల పెట్టకు, కొరికే అలవాటు ఉన్నదానికి తట్టల పెట్టు. పట్టీ ఒక్కపారి బిగియ్యకు, వదులుగ కట్టి, పది అడుగులు నడిపిచ్చి, ఒక రంధ్రం, మళ్ళ నడిపిచ్చి ఇంకో రంధ్రం.

చప్పుడుకు గూడ అంతే. డప్పు కొట్టే సోపతిగాన్ని పిలుసుకొని దూరంగ నిలవెట్టు, గుర్రం మేత తింటున్నప్పుడు మెల్లగ కొట్టమను. తల లేపి చూసిందా, ఆ దూరమే ఎక్కువైందన్నట్టు, ఇంకా ఎనకకు పొమ్మను. తినుడు ఆపకుండ ఉంటే మరునాడు పది అడుగులు ముంగటికి. కట్టేసి డీజే పెడ్తే అలవాటైతది అంటరు, అది అలవాటు కాదు, ఎటు పోలేక ఆశ వదులుకునుడు, అసొంటి గుర్రమే ఒకనాడు ఉన్నట్టుండి చేయి దాటుతది. లైట్ల సంగతి గూడ, చీకట్లకెళ్ళి ఒక్కపారి ఫోకస్ లైట్ల ముంగటికి తీస్కపోతే దాని కండ్లు సదురుకునేతందుకు మనకంటే ఎక్కువ టైం పడ్తది, రెండు నిమిషాలు పక్కకు నిలవెట్టి తర్వాత తీస్కపోన్రి.

బ్యాండుమేళం కాజీపేట:

అన్నా, ఆ వదులుడు సంగతి నాకు ఎవ్వలు చెప్పలే ఇన్నేండ్లల్ల. మాది ముసలిది, తొమ్మిదేండ్లు పనిచేసింది, పొద్దుగాల మామూలు లగాంతోని పెరట్ల తిప్పి చూసిన, గుంజి వదిలితే మూడోపారికే ఆగింది. నేను ఇయ్యాల నాల్‌బంద్‌కు ఫోన్ చేస్త, నాది గూడ నాడాలు ఎప్పుడు మార్చిననో యాదికి లేదు.

ధర్మసాగరం పోరడు:

అందరికి అప్‌డేట్ ఇస్త అన్న కద, ఆరు వారాలైంది. రక్తం రిపోర్ట్ మంచిగ వచ్చింది, గ్లాండర్స్ లేదు. కమిలింది మానింది, అన్న రెండుసార్లు గిట్ట చెక్కిండు, మొన్న కొత్త నాడాలు కొట్టిండు, ఇప్పుడు క్యాలెండర్ల ముహూర్తాల పక్కనే నాడాల తారీఖు గూడ రాస్తున్నం. సీసీ రోడ్డు మీద ఉరికిస్తే తల కదుల్తలేదు, చప్పుడు గూడ ఒకటే తాళం. తవుడు పూర్తిగ బంద్, ఉలవలు, చొప్ప, ఎవుసం చేసే మామ దగ్గర కొంచెం లూసర్న్ దొరికింది. మెత్తగ నడుస్తుంది, ముందు అంత బిగుసుకపోయి నడిచేదని ఇప్పుడు తెలుస్తుంది.

బొంత పని చిన్నాయిననే చేస్తున్నడు, నేను కాదు. మొదటి నాలుగు దినాలు దగ్గరికి రానియ్యలే, కొరికిన మనిషిని అది గూడ మర్చిపోలేదు అనుకుంట. అయిదో దినం బొంతకు ముక్కు ఆనిచ్చింది. ఇప్పుడు జీను ఎక్కుతుంది, పట్టీ రెండో రంధ్రం దాక ఏం అంటలేదు, మూడో రంధ్రంకు చెవులు కొంచెం పోతున్నయ్, ఆడ ఆగుతున్నం. జీను కింద కట్టె ఎన్నుపూసకు తగులుతుండె, నిజమే, వడ్లాయనతోని చెక్కిచ్చి కింద బొంత కుట్టిచ్చినం. రెండు బుకింగులు వచ్చినయ్, ఒకదాంట్ల పెండ్లికొడుకు బాగ బరువు, బాపు మర్యాదగనే కాదన్నడు, కార్ మాట్లాడుకోమన్నడు. ఇంకోదానికి పిల్లగాన్ని ఎక్కియ్యం అని ముందే చెప్పినం, ఒప్పుకున్నరు, అది ఇంకా నెల ఉంది, అప్పటికి సిద్ధంగ లేకపోతే అడ్వాన్స్ తిరిగిచ్చేస్తం.

డప్పు చింతచెట్టు కాడి నుంచి కొడ్తే తల లేపుతలేదు. ఆదివారం బాయి కాడ నిలవెట్టి చూస్తం, అది ఇంకో ఇరవై అడుగులు దగ్గర.